నాడి చూడవలెనా, ఊపిరి చూడవలెనా?

వైద్యశాస్త్ర చరిత్రలో సికింద్రాబాదు పేరు వచ్చినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చువాడు రొనాల్డు రాస్. 1897 ఆగస్టు 20వ తేదీన, బేగంపేటలోని ఒక చిన్న భవనములో, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన కనుగొనిన సంగతి పాఠశాల పుస్తకములలో సైతము కలదు. అంతకు ఎనిమిదేండ్లు ముందు, హుస్సేనుసాగరునకు దక్షిణముగా, అక్కడికి కొద్ది మైళ్ల దూరములోనే మరియొక పెద్ద పరిశోధన జరిగినది. దానిలో పాలుపంచుకొనుటకు లండను నుండి ఒక ప్రసిద్ధ వైద్యుడు ఓడ ఎక్కి వచ్చెను. నిజాము ప్రభువు దానికి డబ్బిచ్చెను. దాని ఫలితమునకై ఇంగ్లండులోని వైద్యులు ఎదురు చూచిరి. అయినను ఆ కథ నేడు మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. కారణము లేకపోలేదు. రాస్ చెప్పినది నిజమని తేలినది. హైదరాబాదు పరిశోధకులు చెప్పినది సగమే నిజమని తేలినది. సగము నిజములకు స్మారక భవనములు కట్టు ఆచారము లేదు.

వారు తేల్చబూనిన ప్రశ్న పైకి చాల చిన్నది. ఒక బలమైన మందు పుచ్చుకొన్న రోగి ప్రక్కన కూర్చున్నవారు దేనిని కనిపెట్టుకొని యుండవలెను? మణికట్టు వద్ద కొట్టుకొను నాడినా, రొమ్ముపై లేచిపడు ఊపిరినా? ఆ మందు క్లోరోఫారము.

1847 నవంబరు 4వ తేదీ రాత్రి, ఎడింబరో నగరమున జేమ్సు యంగ్ సింప్సన్ అను వైద్యుడు ఇద్దరు సహాయకులతో కలిసి, తన ఇంటి భోజనపు బల్లవద్ద ఈ ద్రవమును ఆఘ్రాణించి చూచెను. ముగ్గురును కొద్ది నిమిషములలో స్మృతి తప్పి పడిరి. అంతకు ఒక సంవత్సరము ముందే అమెరికాలో ఈథరు వాడుకలోనికి వచ్చినది గాని, క్లోరోఫారము దానికంటె తీయని వాసన గలది, తొందరగా పనిచేయును, ఈథరు వలె నిప్పు అంటుకొనదు. కొన్ని వారములలోనే అది బ్రిటను అంతట వ్యాపించెను. కాని మూడు నెలలైన గడవకుండ, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపమున పదునైదేండ్ల బాలిక ఒకతె కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పుచ్చుకొని చనిపోయెను. ఆమె భయముతో ఏడ్చుచు కుర్చీలో కూర్చున్నది. మందు పీల్చ మొదలుపెట్టిన మూడు నిమిషములలో ప్రాణము పోయినది. కాలిగోటి కొరకు ప్రాణము పోవుట ఎట్టి తల్లిదండ్రులకైనను సహింపరాని విషయము. తరువాతి సంవత్సరములలో ఇట్టి మరణములు ఒకటి వెంట ఒకటిగా నమోదైనవి. ఆ శతాబ్దపు లెక్కలలో సుమారు 3,000 మందికి ఒకరు ఈ విధముగా చనిపోవుచుండిరని చెప్పుచుండిరి.

ఎట్లు చనిపోవుచున్నారు? దీనిపై వైద్యులు రెండు పక్షములైరి. లండనులోని జాన్ స్నో, ఆవిరి అతి గాఢముగా ఉన్నచో అది తిన్నగా గుండెనే స్తంభింపజేయునని వాదించెను. 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయమున క్లోరోఫారము ఇచ్చినవాడు ఈయనయే. ఆయన తరువాత లండనులో ప్రసిద్ధికెక్కిన జోసెఫ్ క్లోవర్, మత్తు ఇచ్చునంతసేపు రోగి నాడిపై వ్రేలు తీయరాదని నియమము పెట్టుకొనెను. ఆయన తన పరికరముతో మత్తు ఇచ్చుచున్న ఛాయాచిత్రమొకటి నేటికిని నిలిచియున్నది. అందులోను ఆయన వ్రేలు నాడి మీదనే కలదు. ఎడింబరో వారి మతము వేరు. అక్కడ జేమ్సు సైమ్ అను శస్త్రవైద్యుడు, నాడిని పట్టించుకొనకుడు, ఊపిరి ఒక్కదానినే చూడుడు, ఊపిరి సరిగా ఉన్నంతవరకు గుండెకు భయము లేదు అని శిష్యులకు బోధించెను. ఆ శిష్యులలో ఒకడు ఎడ్వర్డు లారీ.

లారీ 1880లలో హైదరాబాదు చేరి రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగాను పనిచేసెను. కోఠీలో నేడు స్త్రీల విద్యాలయముగా నున్న భవనమే నాటి రెసిడెన్సీ. వైద్య పాఠశాల 1846లో నాలుగవ నిజాము నాసిరుద్దౌలా కాలమున స్థాపితమైనది. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండెను. లారీ అక్కడ శస్త్రచికిత్సలు చేయుచు, శిష్యులచేత వేలాది రోగులకు క్లోరోఫారము ఇప్పించెను. శిష్యులకు ఒకే నియమము: కన్ను ఊపిరి మీద ఉండవలెను, చేయి నాడి జోలికి పోరాదు. ఈ పద్ధతిలో తనకు ప్రాణనష్టము కలుగలేదని ఆయన గట్టిగా చెప్పుకొనెను. గురువు మాట అక్షరాల నిజమని నిరూపించవలెనన్న పట్టుదల ఆయనకు మిక్కుటము. నమ్మినదానిని విడువని స్వభావము ఆయనది. తరువాతి కాలమున, లవెరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవి అసలు లేనేలేదని వాదించినవారిలో ఈయనయు ఒకడు! ఆ వాదము జరుగుచున్న రోజులలోనే రాస్ సికింద్రాబాదులో దోమలను కోయుచుండెను.

1888లో లారీ కోరికపై నిజాము ప్రభుత్వము మొదటి క్లోరోఫారం సంఘమును నియమించెను. వందకు మించిన వీధికుక్కలకు క్లోరోఫారము ఇచ్చి, చనిపోవువరకు పరిశీలించిరి. ప్రతి కుక్కలోను ముందు ఊపిరి ఆగెను, తరువాతనే గుండె ఆగెను. లారీ ఈ ఫలితమును 1889 ఆరంభమున పాఠశాల బహుమతి ప్రదాన సభలో ప్రకటించెను.

లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక దీనిని అంత సులభముగా ఒప్పుకొనలేదు. 1880 ప్రాంతమున గ్లాస్గోలో ఒక సంఘము చేసిన ప్రయోగములలో క్లోరోఫారము రక్తపు పీడనమును తగ్గించి గుండెను బలహీనపరచినట్లు కనబడియుండెను. అట్లుండగా హైదరాబాదులో మాత్రము గుండె ఎట్లు క్షేమముగా ఉన్నది? ఆ పత్రిక సందేహము న్యాయమైనదే. లారీ దానికి కోపగించుకొని ఊరకుండలేదు. మీరే ఒక మనిషిని పంపుడు, ఖర్చు మేము భరింతుము అనెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ అందులకై 1,000 పౌనులు ఇచ్చెను. ప్రతిపక్షమువారిని సొంత ఖర్చుతో పిలిపించి తన ప్రయోగశాలలో నిలబెట్టిన ఉదాహరణలు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఎక్కువ లేవు. లారీలో లోపములు ఎన్ని యున్నను ఈ గుణమును మెచ్చుకొనక తప్పదు.

లాన్సెట్ పంపినవాడు థామస్ లాడర్ బ్రంటన్. ఈ పనికి ఆయనకంటె తగినవాడు ఆనాడు దొరకడు. గుండెకు సంబంధించిన మందులే ఆయన జీవితకాలపు విద్య. ఎడింబరోలో విద్యార్థిగా ఉన్నప్పుడు డిజిటాలిస్ అను మందుపై ఆయన సిద్ధాంతవ్యాసము వ్రాసెను. అందులకై ఆ మందును తానే మింగి, రోజువారీ మూత్రమును కొలిచి వ్రాసుకొనెను. 1867లో గుండెనొప్పికి ఎమైల్ నైట్రైటు ఆవిరి తక్షణము ఉపశమనము కలిగించునని కనుగొనినవాడును ఆయనయే. ఆయన హైదరాబాదు వచ్చునప్పటికి, క్లోరోఫారము గుండెను ఆపగలదను పక్షములోనే ఉండెను.

1889 చివర రెండవ సంఘము పని మొదలుపెట్టినది. లారీ, బ్రంటన్ గాక, జెరాల్డు బామ్‌ఫర్డ్ అను సైనిక వైద్యుడును, రుస్తుంజీ అను హైదరాబాదు వైద్యుడును ఇందులో సభ్యులు. ఈసారి కంటితో చూచి వ్రాసుకొనుటతో సరిపెట్టలేదు. జంతువు ధమనికి గొట్టము తగిలించి రక్తపు పీడనమును కొలుచు మానోమీటరును అమర్చిరి. ఆ పీడనము హెచ్చుతగ్గులు, మసి పట్టించిన కాగితము చుట్టిన డోలు తిరుగుచుండగా, దానిపై ఒక సన్నని ములికి గీతలుగా గీయును. దీనిని కైమోగ్రాఫు అందురు. జర్మనీలో కార్ల్ లుడ్విగ్ దీనిని ప్రకటించినది, సింప్సన్ క్లోరోఫారము పీల్చినది, రెండును 1847 లోనే. గుండె ప్రతి స్పందనకు ఒక చిన్న అల, ప్రతి శ్వాసకు ఒక పెద్ద అల కాగితముపై పడును. ఏది ముందు ఆగినదో వాదించుకొన నక్కరలేదు. గీత చూచిన చాలును.

1889 డిసెంబరులో బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపెను. కుక్కలు, గుర్రములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులపై పరీక్షలు జరిగినవనియు, వానిలో 120 మానోమీటరుతో చేసినవనియు తెలిపెను. అపాయమంతయు ఊపిరాడకపోవుటలోను, మోతాదు మించుటలోను ఉన్నదే గాని గుండెపై తిన్నగా ఏమియు లేదని ఆయన తేల్చెను. వ్యతిరేకిగా వచ్చినవాడు అనుకూలుడై తిరిగిపోయెను. సంఘపు పూర్తి నివేదిక 1891లో బొంబాయిలో అచ్చయినది. అది వైద్యులకు చెప్పిన ముఖ్యమైన మాట ఇదే: మత్తు ఇచ్చువాడు ఊపిరిని మాత్రమే గమనింపవలెను, నాడిపై దృష్టి పెట్టుటయే ఒక అపాయము, ఏలయన అది చూపును ఊపిరినుండి మరల్చును.

ఈ వైద్య పాఠశాలలోనే 1885లో కొందరు స్త్రీలు విద్యార్థినులుగా చేరిరి. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ, 1889లో పట్టము పుచ్చుకొని, హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారము ఇచ్చుటయే వృత్తిగా పెట్టుకొనెను. ఆమెను ప్రపంచపు తొలి స్త్రీ మత్తువైద్యులలో ఒకరుగా నేడు చరిత్రకారులు లెక్కించుచున్నారు. తరువాత 1909లో ఆమె ఎడింబరో వెళ్లి చదువు కొనసాగించెను. పరదా చాటున నుండు స్త్రీలు అధికముగా గల నగరములో, మత్తులో ఉన్న రోగిణి ప్రక్కన ఒక స్త్రీ కూర్చుండుట ఎంత ధైర్యమిచ్చియుండునో ఊహింపవచ్చును.

ఇక వాదము తీరినదా? తీరలేదు. బ్రిటనులో క్లోరోఫారపు మరణములు ఆగలేదు. ఊపిరి చక్కగా ఆడుచుండగనే నాడి హఠాత్తుగా మాయమైనట్లు చెప్పు వైద్యులు మునుపటివలెనే ఉండిరి. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు ఒక నేర్పైన ప్రయోగము చేసిరి. ఒక జంతువు మెదడునకు మరియొక జంతువు రక్తము ప్రవహించునట్లు కలిపి, క్లోరోఫారము ఒకసారి మెదడునకు మాత్రమే, ఒకసారి గుండెకు మాత్రమే చేరునట్లు చేసిరి. గుండెకు చేరినప్పుడే రక్తపు పీడనము పడిపోయెను. మందు గుండెపై తిన్నగా పనిచేయుచున్నదన్నమాట. పిదప ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో ఎంబ్లే అనునతడు, మత్తు మొదలైన తొలి నిమిషములలో వేగస్ నరము గుండెను అణచివేయగలదని 1902లో చూపెను.

అసలు గుట్టు 1911లో బయటపడినది. లండనులో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగములు చేయుచు, క్లోరోఫారము పలుచగా ఇచ్చినప్పుడు, అనగా మత్తు ఇంకను లోతుగా ఎక్కనప్పుడు, గుండె హఠాత్తుగా ఆగుట చూచెను. ఆగుట అనుటకంటె చెదరుట అనుట సరి. జఠరికల కండరములు ఒక్కుమ్మడిగా ముడుచుకొనుట మాని, ప్రతి పోగు దానికది వేరుగా వణకును. పురుగుల మూట వలె గుండె కదలుచునే యుండును గాని ఒక్క బొట్టు రక్తమును ముందుకు తోయదు. దీనిని జఠరికా కంపనము అందురు. భయపడినప్పుడు అడ్రినల్ గ్రంథులనుండి రక్తములోనికి వచ్చు అడ్రినలిన్, పలుచని క్లోరోఫారముతో కలిసినప్పుడు ఈ కంపనమును రేపును. మందును ఇచ్చుచు, ఆపుచు, మరల ఇచ్చుచు పోయినను ఇదే అపాయము. లోతైన మత్తులో మాత్రము ఇది అరుదు.

ఇప్పుడు 1848 నాటి బాలికను ఒకసారి తలచుకొనుడు. ఏడ్చుచు, వణకుచు, ఇంకను పూర్తిగా మత్తెక్కక మునుపే ఆమె చనిపోయెను. హైదరాబాదు కుక్కలకో? వానికి క్లోరోఫారమును ఎడతెగక, మోతాదు మించువరకు, చనిపోవువరకు ఇచ్చిరి. అట్టి మరణములో ముందు ఆగునది ఊపిరియే. అందులో సంఘమువారు వ్రాసినది తప్పు కాదు. వందలకొలది జంతువులు, నిర్దోషమైన పరికరము, ఛాయాచిత్రములు తీసి భద్రపరచిన గీతలు — అన్నియు ఉన్నవి. కాని వారు పరీక్షించిన మరణము వేరు, ఇంగ్లండులో రోగులు చనిపోయిన మరణము వేరు. చీకటిలో పడిన ఉంగరమును దీపము క్రింద వెదకిన వాని కథ ఇట్టిదే.

అయినచో లారీ రోగులు ఏల బ్రతికిరి? ఊపిరిని కనిపెట్టి చూచుటవలన నాలుక వెనుకకు పడుట, గొంతు మూసుకొనుట, మోతాదు మించుట వెంటనే తెలిసిపోవును. వీనివలన కలుగు మరణములు నిజముగానే తప్పిపోయినవి. పైగా ఆయన పద్ధతిలో మందు తెంపులేకుండ సమముగా సాగెను. అది కూడ కంపనమునుండి కాపాడియుండవచ్చును. ఆయన చేతి అలవాటు మంచిది, ఆయన చెప్పిన కారణము చాలదు. నాడిని వదలివేయుమన్నది మాత్రము తప్పు సలహాయే. నేడు క్లోరోఫారమును మనుష్యులకు మత్తుమందుగా వాడుట లేదు.

సంఘపు నివేదికలో గుండె ఆగుట అన్నది క్షణములలో ముగియు సంగతి. నేటి వార్డులలో గుండె వైఫల్యమనునది వేరు. గుండె ఆగదు, బలహీనపడిన పంపు వలె రక్తమును చాలినంత తోయలేక ఈడ్చుచుండును. కాళ్లు వాచును, ఊపిరితిత్తులలో నీరు చేరును, రోగి వెల్లకిల పరుండలేక రాత్రివేళ లేచి కూర్చుండును. ఈ జబ్బునకు తొలి నమ్మకమైన మందు, బ్రంటన్ తన మీదనే పరీక్షించుకొన్న డిజిటాలిస్. ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ పదేండ్ల అనుభవము తరువాత 1785లో దానిని గురించి పుస్తకము వ్రాసెను. మూత్రము, కడుపు, నాడి, ప్రేగులు, వీనిలో దేనిమీదనైనను మందు పనిచేసిన గుర్తు కనబడిన వెంటనే ఆపుడని అందులో హెచ్చరించెను. మందు పేరుతోబాటు రోగి ప్రక్కన ఉన్నవారు చూడవలసిన గుర్తులు కూడ చెప్పిన మంచి గ్రంథమది.

అట్లు చూచినందువలననే మరియొక మందు దొరకినది. 1919లో వియన్నా ఆసుపత్రిలో, గుండెజబ్బు కాదు, సిఫిలిస్ వ్యాధి గల ఒక యువతికి క్రొత్త పాదరసపు మందు సూదితో ఇచ్చిరి. అక్కడి నర్సులు ప్రతి రోగి మూత్రమును కొలిచి పట్టికలో వ్రాయు అలవాటు గలవారు. సూది వేసిన రోజులలో మూత్రము అమితముగా పెరిగినట్లు ఆ పట్టికలలో కనబడెను. ఆల్‌ఫ్రెడ్ ఫోగల్ అను విద్యార్థి దానిని గమనించి, గుండెజబ్బుతో ఒడలంతయు నీరుపట్టిన రోగికి ఇచ్చి చూడగా నీరు లీటర్లకొలది బయటికి పోయెను. సుమారు 40 ఏండ్లు, క్లోరోథయాజైడు మాత్ర వచ్చు 1950లవరకు, ఆ జాతి మందులే గుండెరోగుల నీటిని తీసినవి. వైద్యుడు కోరని లెక్కను నర్సులు వ్రాసిపెట్టి యుండకపోయినచో అది ఇంకెన్నాళ్లకు తెలిసెడిదో!

తరువాత ఫ్యూరోసెమైడు వచ్చెను. 1987లో ఎనాలాప్రిల్, తీవ్రమైన జబ్బులో మరణములను తగ్గించునని 253 మంది రోగులపై రుజువైనది. గుండె వేగమును తగ్గించు బీటా నిరోధకములు బలహీనమైన గుండెకు కూడదని వైద్యులు చాలకాలము నమ్మిరి. స్వీడనులో 1975లో కొందరు ధైర్యముచేసి ఇచ్చి చూచిరి. 1999 నాటి పెద్ద పరీక్షలలో అవి ప్రాణరక్షకములని తేలినది. డిజిటాలిస్ జాతికి చెందిన డిగాక్సిన్‌ను 1997లో 6,800 మందిపై పరీక్షింపగా, అది మరణములను తగ్గింపదు గాని ఆసుపత్రి పాలగుటను తగ్గించునని తేలినది.

అందుచేత నేటికిని కొందరు రోగులకు డిగాక్సిన్ మాత్ర ఇచ్చుచునే యున్నారు. సికింద్రాబాదులో గాని, మరెక్కడ గాని, దానిని ఇచ్చు నర్సు ముందు రోగి తలవైపు ఎత్తుగా దిండ్లు పెట్టి కూర్చుండబెట్టును. నిమిషమునకు ఎన్నిసార్లు ఊపిరి తీయుచున్నాడో లెక్కించును. ఉదయము మూత్రవిసర్జన తరువాత, ఫలహారమునకు ముందు బరువు తూచును. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగినచో అది క్రొవ్వు కాదు, లోపల చేరిన నీరు. ఆవకాయ, అప్పడము, ఉప్పు మిరపకాయ ఇంటినుండి రాకుండ చూచును. ఆ పని మందు ఇచ్చుటకంటె కష్టమైనదని నర్సులకు తెలియును. పిదప గడియారము చేతబట్టి, రొమ్ముపై స్టెతస్కోపు ఆనించి, గుండె చప్పుడును పూర్తిగా ఒక నిమిషము లెక్కించును. సాధారణముగా పెద్దవారిలో ఆ లెక్క 60కి తక్కువైనచో మాత్రను ప్రక్కన పెట్టి వైద్యునికి కబురు పంపును.